వందలో ఒక ఎర్ర గింజ

ఆదివారం అసర్ నమాజ్ అయ్యాక మా ఇంటి వరండాలో ఎనిమిది మంది పిల్లలు చేరతారు. టెన్త్ వాళ్లు ఐదుగురు, నైన్త్ వాళ్లు ముగ్గురు. అందరూ మా మొహల్లా పిల్లలే. నేను లెక్కల మాస్టర్ని కాను. ఉర్దూ మీడియంలో చదివి, తెలుగులో డిగ్రీ చేసి, పేపర్లో పనిచేసుకుంటున్నవాణ్ని. మా ఆపా కూతురు "మామూ, ఈ చాప్టర్ నాకు ఎక్కట్లేదు, మీరే చెప్పాలి" అని పట్టుబట్టడంతో మొదలైందిది. ఆ చాప్టర్ పేరు తెలుగు పుస్తకంలో సంభావ్యత. ఉర్దూలో ఎహ్తెమాల్. ఇంటి మాటల్లో చెప్పాలంటే, ఏది ఎంతవరకు జరగొచ్చు అనే అందాజ.

నిరుడు, కర్నూలు బజార్లో సీతాఫలాల బండ్లు మొదలైన రోజులు. మొదటి ఆదివారమే తకరార్ అయింది. పుస్తకం తెరిస్తే ముందు నాణెం, తర్వాత పాచికలు, ఆ తర్వాత 52 పేకముక్కలు. నేను రెండు ప్లాస్టిక్ పాచికలు, ఒక పేక కట్ట కొనుక్కొచ్చి చాప మీద పెట్టాను. తస్బీహ్ తిప్పుకుంటూ కుర్చీలో కూర్చున్న అమ్మీ చెయ్యి ఆగిపోయింది.

"యే క్యా హై? ఘర్ మే జువా నక్కో."

"జువా కాదమ్మీ, హిసాబ్."

"జువా ఖేల్నే వాలే భీ యహీచ్ బోల్తే."

పిల్లలు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. పాచికల ఆట గురించి హదీసుల్లో ఎంత గట్టి మాట ఉందో మనందరికీ తెలుసు. దానికి తోడు అమ్మీకి సొంత లెక్క ఒకటి ఉంది. ఆమె ఛోటా భాయి, అంటే మా చిన్న మామూ, కిరాణా కొట్టు నడిపేవాడు. పేకాటలో ముందు గల్లాపెట్టె పోయింది, తర్వాత సరుకు పోయింది, చివరికి దుకాణమే పోయింది. మా ముమానీ చేతి గాజులు అమ్మి పిల్లల ఫీజులు కట్టింది. అలాంటి ఇంట్లో పేక కట్ట చూసిన మనిషికి "అమ్మీ, ఇది సిలబస్" అని ఏ మొహంతో చెప్పను? పేకముక్కలూ పాచికలూ సంచిలో వేసి బయటికి పంపేశాను.

"మరి దేంతో చెప్తావు?" అని అమ్మీయే అడిగింది. వంటింట్లోకి వెళ్లి ఒక చింతగింజ తెచ్చి ఇచ్చింది.

దాన్ని ఒకవైపు గచ్చు మీద తెల్లగా అయ్యేదాకా అరగదీశాం. ఒకవైపు తెలుపు, ఒకవైపు గోధుమ రంగు. "విసిరితే తెలుపు పడే ఎహ్తెమాల్ ఎంత?" అని అడిగాను. అందరూ ఒకేసారి "సగం" అన్నారు. ఎందుకు సగం అంటే, రెండు వైపులే కదా మామూ అన్నారు. సరే, విసిరి చూడండి అన్నాను. ఒక్కొక్కరు 50 సార్లు. మొదటి పది విసుర్లలో ఒకడికి ఎనిమిది తెలుపులు పడ్డాయి, ఒక పిల్లకి మూడే పడ్డాయి. ఎనిమిది మంది లెక్కా కలిపితే 400లో 231 తెలుపు. సగం కాదు. గింజను ఒకవైపు మనం అరగదీశాం కాబట్టి దాని వజన్ సమానంగా లేదు. రెండే దారులు ఉన్నంత మాత్రాన రెండింటికీ సమానమైన అవకాశం ఉన్నట్టు కాదని పిల్లలకు ఆ రోజు గింజే చెప్పింది. పరీక్ష రాస్తే పాసో ఫెయిలో రెండే, కాబట్టి సగం సగం అనుకునేవాడు కూడా ఉన్నాడు ఆ ఎనిమిది మందిలో. వాడు కాసేపు గింజకేసే చూస్తూ కూర్చున్నాడు.

అదే రోజు ఇంకొకటి జరిగింది. లాండ్రీ షాపు వాళ్లబ్బాయికి వరసగా ఐదు తెలుపులు పడ్డాయి. ఆరోసారి విసిరే ముందు "ఇప్పుడు మాత్రం పక్కా గోధుమ రంగే" అన్నాడు. ఎందుకురా అంటే "ఐదుసార్లు తెలుపు వచ్చేసింది కదా, ఇంక దాని బారీ అయిపోయింది" అన్నాడు. ఆరోదీ తెలుపే పడింది. వాడు గింజ మీద కోపగించుకున్నాడు. "బేటా, నువ్వు ఐదు లెక్కపెట్టుకున్నావు. గింజ లెక్కపెట్టుకోలేదు. దానికి యాద్ ఉండదు" అన్నాను. ఈ మాట తర్వాత మా ఇంట్లో ఎంత పెద్ద బహస్‌కి పనికొస్తుందో అప్పుడు నాకు తెలియదు.

రెండో ఆదివారానికి అమ్మీ సీతాఫలం గింజలు కడిగి ఎండబెట్టి ఉంచింది. నల్లగా, నున్నగా, ఒకదానిలాగే ఇంకొకటి. లెక్కబెట్టి 100 గింజలు ఒక గుడ్డసంచిలో వేశాం. అందులో ఒకదానికి మా ఆపా కూతురు ఎర్ర నెయిల్ పాలిష్ పూసింది. ఆ రోజు అమ్మీ ఎదురుగానే జువా లెక్క చెప్పాలనుకున్నాను. టికెట్టు పది రూపాయలు. చూడకుండా సంచిలోంచి ఒక గింజ తియ్యాలి, చూసి మళ్లీ వెయ్యాలి. ఎర్ర గింజ వస్తే ఏడు వందలు. అన్నీ నోటి డబ్బులే, పైసా లేదు.

ఒక్కొక్కరు వందసార్లు తీశారు. మగ్రిబ్ అజాన్ దాకా సాగింది. ముగ్గురికి ఎర్ర గింజ అసలు కనబడలేదు. ఒకడికి మాత్రం మూడుసార్లు వచ్చింది. వాడు చాప మీద గంతులేశాడు. అందరిదీ కలిపితే 800 సార్లకి ఎర్రది 9 సార్లు వచ్చింది. వసూలైంది 8000, పంచింది 6300. సంచి యజమానికి మిగిలింది 1700. యజమాని ఏమీ ఆడలేదు, ఏ మోసమూ చెయ్యలేదు, సంచి పట్టుకుని కూర్చున్నాడంతే. వంద టికెట్లకు వెయ్యి తీసుకుని, సగటున ఏడు వందలు ఇచ్చే ఆట ఇది. ఔసత్‌న ప్రతి పది రూపాయల్లో మూడు రూపాయలు పోవాల్సిందే. ఎంత ఎక్కువసేపు ఆడితే ఆ ఔసత్‌కి అంత దగ్గరికి వస్తాం.

అమ్మీ అంతా విన్నది. గంతులేసిన పిల్లవాణ్ని చూపించి "ఇసీకో దేఖ్‌కే సబ్ ఖేల్తే" అంది. వాణ్ని చూసే అందరూ ఆడతారు. కాసేపాగి, తనలో తను అనుకున్నట్టు, "మేరే భాయ్ కో యే కోయీ నై బోల్యా" అంది. 2020లో మన రాష్ట్రం ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించింది. అయినా పిల్లల చేతుల్లో ఫోన్లున్నాయి, ఫోన్లలో దారులున్నాయి. హరామ్ అని చెప్పడం మన ఫర్జ్. ఆ గుడ్డసంచి లెక్క కూడా చెప్తే ఆ మాటకి బలం చేరుతుందని నాకనిపించింది.

ఈ ఇల్మ్ పుట్టింది కూడా జువా దగ్గరేనని పిల్లలకు చెప్పాను. ఇటలీలో కార్డానో అనే హకీం, తనే జూదరి, పాచికల హిసాబ్ రాశాడు. 1654లో ఫ్రాన్స్‌లో పాస్కల్, ఫెర్మా అనే ఇద్దరు ఖత్‌లు రాసుకున్నారు. ఆట మధ్యలో ఆగిపోతే పందెం సొమ్ము ఎలా పంచాలన్నది వాళ్ల సవాల్. కానీ లెక్కబెట్టి దాగిన సంగతిని పట్టుకోవడం అంతకంటే పాతది. తొమ్మిదో సదీలో బగ్దాద్‌లో అల్ కిందీ రహస్య లిపులను విప్పే పద్ధతి మీద ఒక రిసాలా రాశాడు. ఏ భాషలోనైనా కొన్ని అక్షరాలు ఎక్కువగా వస్తాయి, కొన్ని తక్కువగా వస్తాయి. రహస్య ఖత్‌లో ఏ గుర్తు ఎక్కువసార్లు వచ్చిందో లెక్కబెడితే, అది ఏ అక్షరమో అందాజ వేయొచ్చు. ఇది విన్నాక పిల్లలు ఊరుకోలేదు. మా ఇంటికొచ్చే ఉర్దూ అఖ్బార్ మొదటి పేజీ పంచుకుని హర్ఫ్‌లు లెక్కబెట్టారు. అలిఫ్ అన్నింటికంటే ముందు నిలిచింది. తెలుగు మీడియం పిల్లలిద్దరు, అలిఫ్ బే మర్చిపోయినవాళ్లు, లెక్క కోసం మళ్లీ గుర్తు చేసుకున్నారు. అమ్మీకి ఆ ఆదివారం అన్నిటికంటే ఎక్కువ నచ్చింది.

నాకు ఈ చాప్టర్ బడిలో ఎవరూ చెప్పినట్టు గుర్తు లేదు. నేర్చుకున్నది నా గల్తీ వల్ల. ఇరవై ఏళ్ల కిందటి మాట, డెస్కులో కొత్తగా చేరిన రోజులు. ఒక బస్తీలో డెంగీ వార్త వచ్చింది. అంతకు ముందు ఏడాది అదే నెలలో రెండు కేసులు, ఆ ఏడాది ఆరు. నేను హుషారుగా లెక్క కట్టి "డెంగీ 200 శాతం విజృంభణ" అని హెడ్డింగు పెట్టాను. లెక్క తప్పు కాదు. రెండు ఆరైతే పెరిగింది 200 శాతమే. వారం తర్వాత ఆ బస్తీ నుంచి ఒకామె ఆఫీసుకు వచ్చింది. నాలుగిళ్లలో అంట్లు తోముతుంది. ఆ బస్తీ వాళ్లెవరినీ పనికి రావద్దంటున్నారట. డెంగీ మనిషి నుంచి మనిషికి అంటదు, దోమతో వస్తుంది అని చెప్పబోయాను. ఆమె వినలేదు. "బాబూ, ఆరుగురికి జొరమొస్తే ఆరు వందల ఇళ్లకి పని మానిపించారే" అంది.

ఆ ఆరు వందలు నా వార్తలో ఎక్కడా లేవు. ఆరు రాశాను, ఎంతలో ఆరో రాయలేదు. అంకె అబద్ధం కాదు, కానీ ఆమెకు జరిగింది జుల్మ్. ఆ షర్మిందగీ ఇప్పటికీ ఉంది. అందుకే మా క్లాసులో ఎవరు ఏ అంకె చెప్పినా మిగతావాళ్లు అడగాల్సిన మొదటి సవాల్ ఒకటే. కిత్నే మే సే కిత్నే? ఎంతలో ఎంత?

మన పిల్లలకు ఈ సవాల్ మరీ అవసరమని నా ఖయాల్. ఈ దేశంలో మన గురించి మాట్లాడే ప్రతివాడి చేతిలో ఒక అంకె ఉంటుంది. తిట్టేవాడిదీ అంకే, జాలి పడేవాడిదీ అంకే. 2006 నవంబర్‌లో సచార్ కమిటీ నివేదిక వచ్చినప్పుడు అందులోంచి ఒకటి రెండు అంకెలు తీసుకుని జల్సాల్లో తెగ మాట్లాడాం. 2001 జనాభా లెక్కల ప్రకారం ముసల్మానుల అక్షరాస్యత 59.1 శాతం, దేశం సగటు 65.1 అని. ఆ పట్టికల్లో రాష్ట్రాన్నిబట్టి, పట్నాన్నీ పల్లెనూబట్టి, ఆడామగానుబట్టి లెక్క మారుతుందని చదివి చెప్పినవాళ్లు తక్కువ. పిల్లలకి ఔసత్ చెప్పేటప్పుడు ఇదే చూపిస్తాను. గల్లీలో తొమ్మిది మందికి నెలకు పది వేలు, పదోవాడికి రెండు లక్షలు అనుకోండి. సగటు తీస్తే మనిషికి 29 వేలు. గల్లీలో 29 వేలు వచ్చేవాడు ఒక్కడూ లేడు. వరసలో నిలబెట్టి మధ్యలో ఉన్నవాణ్ని అడిగితే పది వేలు అంటాడు. పుస్తకం దాన్ని మధ్యగతం అంటుంది. సర్కారు సగటు చెప్పినప్పుడు మధ్యలో ఉన్నవాడు ఎక్కడున్నాడో అడగడం నేర్వాలి.

ఇక అసలు బహస్ దగ్గరికొస్తాను.

ఆ నెలలోనే మా దుల్హా భాయ్, అంటే ఆ పాప అబ్బా, పాతబస్తీలో హంద్రీకి దగ్గరగా ఒక పాత ఇల్లు బేరమాడుతున్నాడు. ధర తక్కువ. "2009లో వచ్చింది వందేళ్లకోసారి వచ్చే సైలాబ్. వచ్చి పోయింది. ఇంక వందేళ్లు ఫికర్ లేదు. జనం ఊరికే భయపడి చవగ్గా అమ్ముతున్నారు" అన్నాడు దస్తర్‌ఖాన్ దగ్గర కూర్చుని. నేను నోరు తెరిచేలోపే ఆయన కూతురు అంది: "అబ్బా, నదికి యాద్ ఉండదు."

ఇంజనీర్లు వందేళ్ల వరద అనేదానికి అర్థం వందేళ్లకోసారి టైం ప్రకారం వస్తుందని కాదు. ఏ ఏడాదైనా అంత వరద వచ్చే అవకాశం నూటికి ఒకటి అని. నిన్నటేడు వచ్చినా ఈ ఏడు మళ్లీ అదే నూటికి ఒకటి. మన సంచిలో ఉన్నదీ అదే, వందలో ఒక ఎర్ర గింజ. "2009ది నిజంగానే వందేళ్ల వరద అనుకుందాం. ఇల్లు కొని ముప్పై ఏళ్లు ఉంటాం. ముప్పైసార్లు తీసి చూద్దాం" అంది పాప. ముప్పైసార్లు తీస్తే ఒక ఇంటి ముప్పై ఏళ్లు. పిల్లలు ఒక్కొక్కరు ఐదిళ్లు కట్టారు, మొత్తం నలభై ఇళ్లు. రెండు ఆదివారాలు పట్టింది. నలభైలో 11 ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. ఒక పిల్ల ఇంట్లోకి నాలుగో ఏట వచ్చి, మళ్లీ ఏడో ఏట వచ్చింది. ఆ పిల్ల ఎర్ర గింజ పట్టుకుని "మామూ, నా ఇల్లు అమ్మేస్తున్నా" అంది. కాగితం మీద హిసాబ్ చేస్తే నూటికి 26 వస్తుంది. ఏడాదికి నూటికి ఒకటి అంటే ఏమీ కాదనిపిస్తుంది. ముప్పై ఏళ్లకి అదే దాదాపు నాలుగిళ్లలో ఒకటి.

దుల్హా భాయ్‌కి కోపమొచ్చింది. "సీతాఫలం గింజలు చూసి ఇళ్లు కొంటారా? తక్దీర్ మే జో లిఖా వో హోతా" అన్నాడు. పిల్లలు నా వైపు చూశారు. మత్లబ్ వాళ్లకీ అదే సవాల్ ఉంది. అంతా రాసే ఉన్నప్పుడు ఈ ఎహ్తెమాల్ ఎందుకు అని. నేను జవాబు వెతుక్కుంటుండగా అమ్మీ మాట్లాడింది.

2009 అక్టోబర్ 2, జుమ్మా రోజు. నేనప్పుడు డ్యూటీ మీద వేరే ఊళ్లో ఉన్నాను. మా ఇల్లు అప్పుడు పాతబస్తీలోనే. నీళ్లొస్తున్నాయని ఎవరో అరుస్తూ పోతుంటే అబ్బా అన్నారట, "ఇన్నేళ్లున్నాం, ఈ గల్లీకి ఎప్పుడూ రాలేదు" అని. తుంగభద్ర, హంద్రీ రెండూ ఊరిమీద పడ్డాయి. అబ్బా, అమ్మీ పక్కింటి మిద్దె మీద రెండు రాత్రులు గడిపారు. ప్రాణాలు దక్కాయి, అల్‌హందులిల్లా. కింద గదిలో, నేల మీద, ఇనప సందూకు ఉండిపోయింది. అందులో వాళ్ల నికానామా, నా డిగ్రీ సర్టిఫికెట్లు, ఆపా చదువు కాగజాత్, అబ్బా చిన్నప్పటి ఒకే ఒక ఫోటో. నీళ్లు తీశాక తాడు కట్టి ఎండలో ఆరేశారు. కాగితాలు ఆరాయి, సియాహీ నిలవలేదు.

"సైలాబ్ అల్లా మర్జీ" అంది అమ్మీ అల్లుడితో. "సందూకు నేల మీద పెట్టింది నేను. అటక మీద పెట్టి ఉండొచ్చు. అది నా చేతిలో పనే."

ఎవరూ ఏమీ అనలేదు. ఒంటెను కట్టి, ఆ తర్వాత తవక్కుల్ చెయ్యమన్న హదీస్ మనం ఎన్ని జుమ్మాల్లో వినలేదు? ఎహ్తెమాల్ మనకు గైబ్ ఇల్మ్ ఏమీ ఇవ్వదు. రేపు ఏం జరుగుతుందో చెప్పదు. ఒంటెను ఎంత గట్టి తాడుతో కట్టాలో చెప్తుంది, అంతే. అమ్మీ మాట విన్నాక నాకు ఇంకొకటి తట్టింది. అబ్బా ఆనాడు "ఎప్పుడూ రాలేదు కాబట్టి రాదు" అన్నారు. దుల్హా భాయ్ ఇప్పుడు "వచ్చేసింది కాబట్టి రాదు" అంటున్నాడు. చూడ్డానికి రెండూ ఎదురెదురు మాటలు, గల్తీ ఒక్కటే. లాండ్రీ అబ్బాయి చింతగింజ దగ్గర చేసిందీ అదే.

దుల్హా భాయ్ ఇల్లు కొన్నాడా అంటే, కొన్నాడు. ఆయనకున్న డబ్బుకి ఊళ్లో ఇంకెక్కడా రెండు గదుల ఇల్లు రాదు. గరీబ్ మనిషికి ఎహ్తెమాల్ తెలిసినంత మాత్రాన దారులు పెరగవు. నేనూ ఆపమని చెప్పలేకపోయాను. కానీ ధర ఇంకొంచెం తగ్గించి అడిగాడు, మిగిలింది పెట్టి నేల ఎత్తు లేపించాడు, మిద్దె మీద ఒక చిన్న గది కట్టించాడు. కాగజాత్ అన్నీ ఆ పై గదిలో పెట్టారు. వాటి ఫోటోలు నా ఫోన్లోనూ ఉన్నాయి.

మీ ఇంట్లో టెన్త్ పిల్లలుంటే, ఈ చాప్టర్ వాళ్లకు ఫార్ములాగా వదిలేయకండి. ఒక చింతగింజ చాలు, వంద సీతాఫలం గింజలు చాలు. ముందు పిల్లల్ని అందాజ చెప్పమనండి, తర్వాత లెక్కబెట్టమనండి. వాళ్ల అందాజకీ లెక్కకీ మధ్య తేడా వచ్చిన చోటే అసలు సబక్ ఉంటుంది. బీబీలారా, మీరూ పక్కన కూర్చోండి. మా ఇంట్లో అమ్మీ కూర్చోకపోతే నేనూ పాచికలతోనే ముగించి ఉండేవాణ్ని.

మొన్న కొత్తింట్లో మొదటిసారి భోజనానికి వెళ్లాం. దుల్హా భాయ్ లేపిన నేల చూపించి, "ఇప్పుడు చెప్పు, నీ సంచిలో ఎర్ర గింజ పోయిందా?" అని కూతుర్ని అడిగాడు. పాప ఆలోచించింది.

"పోలేదబ్బా. ఎర్రది అలాగే ఉంది. నల్ల గింజలు పెరిగాయి."

అని, నానీ వైపు తిరిగి, ఇంకో వంద గింజలు దాచిపెట్టమంది.